బారసాల దాకా ఆగకండి

ప్రశ్న: మా పాపకు ఇవాళ్టికి తొమ్మిది రోజులు. 37 వారాలకు మామూలు కాన్పు, పుట్టినప్పుడు 2.7 కిలోలు. పుట్టిన 28 గంటలకు మడమ గుచ్చి ఒక కార్డు మీద రక్తపు బొట్లు తీసుకున్నారు, మర్నాడు ఇంటికి పంపేశారు. నిన్న ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేసి రిపోర్టు వాట్సాప్‌లో పంపారు. టీఎస్‌హెచ్ 31, హద్దు 20 అని ఉంది. సీ3 అనేది 6.9, హద్దు 5.5 అని ఉంది. జీ6పీడీ దగ్గర 'శాంపిల్ మళ్ళీ పంపండి' అని రాశారు. మిగతావన్నీ నార్మల్. పాపకు మళ్ళీ రక్తం, మూత్రం తీయాలట, నా రక్తం కూడా కావాలట. పాప చక్కగా పాలు తాగుతోంది, నిద్రపోతోంది. బయట మే నెల ఎండలు. 21వ రోజు బారసాల అయ్యేదాకా పసిబిడ్డను గడప దాటించొద్దని మా అత్తయ్య అంటున్నారు. ఆవిడ నాకు మేనత్త కూడా. మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని చుట్టాలు అప్పుడే మొదలుపెట్టారు. మేం మాంసం, గుడ్లు తినం. నిజంగా పాపకు జబ్బు ఉందా? పరీక్ష పాపకైతే నా రక్తం ఎందుకు? డబ్బాపాలకు మారాలా?
– ఒక తల్లి, పల్నాడు జిల్లా

సమాధానం: రేపు ఉదయమే వెళ్ళండి. బారసాలకు ఇంకా పన్నెండు రోజులుంది. టీఎస్‌హెచ్ ఎక్కువుంటే అనుమానించేది థైరాయిడ్ లోపాన్ని. అది నిజంగా ఉంటే రెండు వారాల వయసు లోపే మందు పడాలి, అంటే మీ చేతిలో ఉన్నది ఐదు రోజులు. 21వ రోజుకు ఆ గడువు దాటిపోతుంది. గడప దాటించొద్దని పెద్దలు అన్నది పసికందుకు అంటురోగాలు సోకకూడదనే. ఆ జాగ్రత్త ప్రయాణంలోనూ పాటించవచ్చు. ఎండ ఎక్కకముందే బయల్దేరండి, ముందే ఫోన్ చేసి టైము తీసుకోండి, జనం మధ్య వరండాలో గంటలు గంటలు కూర్చోకండి, పాపను మీరు తప్ప ఎవరూ ఎత్తుకోకుండా చూసుకోండి. అత్తయ్యగారికి ఈ గడువు సంగతి తేదీలతో సహా చెప్పండి. మనవరాలి మీద ప్రేమతోనే వద్దంటున్నారు కాబట్టి, ఆలస్యంలో ఏం పోతుందో తెలిస్తే ఆవిడే ముందు బయల్దేరతారు.

ఇక జబ్బు ఉందా అన్న ప్రశ్న. మీ చేతిలో ఉన్నది జల్లెడ పట్టిన ఫలితం, రోగ నిర్ధారణ కాదు. జబ్బున్న బిడ్డ ఒక్కరూ జారిపోకూడదని జల్లెడ కన్నాలు కావాలనే సన్నగా పెడతారు. అందువల్ల ఏ జబ్బూ లేని పిల్లలు కూడా చాలామంది అందులో ఆగుతారు. రెండో పరీక్షలో వాళ్ళలో ఎక్కువమందికి జబ్బు లేదని తేలుతుంది. అయితే జబ్బు ఉన్న బిడ్డా, లేని బిడ్డా తొమ్మిదో రోజున చూడటానికి ఒకేలా ఉండొచ్చు. కంటికి తేడా కనబడితే ఈ పరీక్షే అక్కర్లేదు.

ఆ కార్డు మీద జరిగే పని కొంచెం తెలిస్తే మీ రిపోర్టు చదవడం తేలిక. మడమ రక్తాన్ని మందపాటి ఫిల్టర్ పేపరు మీద అచ్చేసిన గుండ్రాల్లో నింపి ఆరబెడతారు. ల్యాబ్‌లో ఆ ఎండిన మచ్చల్లోంచి 3.2 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న చిన్న బిళ్ళలు గుద్ది తీస్తారు. ఒక్కో బిళ్ళలో ఉండే రక్తం సుమారు 3 మైక్రోలీటర్లు. ఒక బిళ్ళ టీఎస్‌హెచ్‌కి, ఒకటి జీ6పీడీకి, మరొకటి టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలోకి వెళ్తాయి. ఆ యంత్రం రెండు మూడు నిమిషాల్లో ఒక్క బిళ్ళ నుంచే ఎమైనో ఆమ్లాలనూ, కార్నిటిన్ అనే మోత పదార్థానికి అతుక్కున్న ఆమ్లాల ముక్కలనూ కొలిచి పదుల కొద్దీ జబ్బుల జాడ చూపిస్తుంది. 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ ఫినైల్‌కీటోన్యూరియా అనే ఒకే ఒక్క జబ్బు కోసం ఈ ఎండిన రక్తపు బొట్టును వాడుకలోకి తెచ్చాడు. కాగితం కథ ఇప్పటికీ దాదాపు అదే, మారింది వెనకున్న యంత్రాలు. 3 మైక్రోలీటర్లే కాబట్టి తీసేటప్పుడు జరిగే చిన్న పొరపాటు కూడా అంకెలో పెద్దదై కనబడుతుంది. ఒక బొట్టు మీద ఇంకో బొట్టు వేస్తే అంకె పెరుగుతుంది. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా, మడమను గట్టిగా పిండినా రక్తం పలచబడి అంకె తగ్గుతుంది.

ముందు టీఎస్‌హెచ్ చూద్దాం. థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను ఇది, థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే పెరుగుతుంది. బిడ్డ కడుపులోని వెచ్చదనం నుంచి బయటి చలికి రాగానే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోనును ఒక్కసారిగా వదులుతుంది. అరగంటలో 60, 80 దాకా కూడా ఎగబాకుతుంది. తర్వాత రెండు మూడు రోజుల్లో మెల్లగా దిగుతుంది. అందుకే 48 నుంచి 72 గంటల మధ్య మడమ రక్తం తీయడం మేలు. 28 గంటలకు తీస్తే ఇంకా దిగుతున్న అంకె దొరుకుతుంది. త్వరగా డిశ్చార్జి చేసేచోట, తల్లి మళ్ళీ తీసుకొస్తుందో లేదోనని ముందే తీసేస్తారు. అసలు తీయకపోవడం కన్నా అది వెయ్యి రెట్లు నయం. అలా తీసినప్పుడు మళ్ళీ పిలిచే సందర్భాలు ఎక్కువవుతాయి, అంతే.

ఇంకో సంగతి కనుక్కోండి. కాన్పు సమయంలో మీకు గానీ, బొడ్డు దగ్గర పాపకు గానీ గోధుమరంగు పోవిడోన్ అయోడిన్ ద్రావణం ధారాళంగా పూశారా? పసిపిల్లల చర్మం అయోడిన్‌ను సులువుగా పీల్చుకుంటుంది. ఎక్కువైన అయోడిన్ థైరాయిడ్‌ను కొన్నాళ్ళు మొద్దుబారుస్తుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. మీకు థైరాయిడ్ జబ్బు ఉన్నా, దానికి మందులు వాడినా అది కూడా డాక్టరుకు చెప్పాలి. రిపోర్టులో 31 పక్కన 'సీరం' అని ఉందో 'హోల్ బ్లడ్' అని ఉందో కూడా చూపించి అడగండి. హోల్ బ్లడ్ అంటే మొత్తం రక్తం, సీరం అంటే కణాలు తీసేసిన రక్తద్రవం. హోల్ బ్లడ్ అంకెను దాదాపు 2.2తో హెచ్చిస్తే సీరం అంకె వస్తుంది. ఈ ఒక్క మాట చూడకుండా ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ హద్దుతో పోల్చి, అనవసరంగా భయపడేవాళ్ళూ ఉన్నారు, అనవసరంగా ధైర్యపడేవాళ్ళూ ఉన్నారు. రెండోది ఎక్కువ ప్రమాదం.

సీరం అంకెల్లో 40 దాటితే వెంటనే పిలిచి నరంలోంచి రక్తం తీయాలి, 20కీ 40కీ మధ్య ఉంటే 7 నుంచి 10 రోజుల వయసులో మళ్ళీ చూడాలి. మన దేశపు పిల్లల హార్మోన్ల (ఎండోక్రైన్) వైద్యుల సంఘం చెప్పే పద్ధతి ఇది. మీ అంకె సీరంలోదే అయితే తొమ్మిదో రోజు సరైన సమయమే. హోల్ బ్లడ్ అంకె అయితే అది సీరంలో 68కి సమానం, ఒక్క పూట కూడా ఆగకూడదు. ఎలాగైనా మీరు వెళ్ళాల్సింది రేపే. మీరు ఎలాగూ పాపతో వెళ్తున్నారు కాబట్టి మళ్ళీ కార్డు మీద కాక, నరంలోంచి తీసిన రక్తంలోనే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను) రెండూ చేయించమని అడగండి. టీఎస్‌హెచ్ 20 దాటి ఉంటే, ఫ్రీ టీ4 బాగున్నా సరే, మందు మొదలుపెడతారు. ఫ్రీ టీ4 స్పష్టంగా తక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ ఎంతని చూస్తూ కూర్చోరు. టీఎస్‌హెచ్ 6కీ 20కీ మధ్య ఉండి ఫ్రీ టీ4 బాగుంటే ఒకటి రెండు వారాల్లో మళ్ళీ చూస్తారు. ఆ 'మళ్ళీ'ని మాత్రం ఎగ్గొట్టకండి.

పాప చక్కగా ఉంది కదా అనిపించడం సహజం. కడుపులో ఉన్నన్నాళ్ళూ మీ థైరాయిడ్ హార్మోను కొంత మాయ దాటి పాపకు అందింది, పుట్టాక కూడా కొన్నాళ్ళు అది కాపాడుతుంది. నాలుక లావుగా బయటికి రావడం, బొడ్డు ఉబ్బడం, గొంతు బొంగురు, మలబద్ధకం, వారాల తరబడి తగ్గని పచ్చకామెర్లు, ఇవన్నీ కనబడేసరికి మెదడు నష్టపోవడం మొదలై ఉంటుంది. ఆ నష్టం తర్వాత ఎంత మందు వేసినా పూర్తిగా పూడదు. ఈ లోపం అరుదని కూడా అనుకోకండి. హైదరాబాదుతో కలిపి ఐదు నగరాల్లో భారత వైద్య పరిశోధన మండలి లక్షమందికి పైగా శిశువుల్ని పరీక్ష చేయిస్తే, సుమారు 1,130 మందిలో ఒకరికి ఇది కనబడింది. చికిత్స మాత్రం అన్నిటిలోకీ చవక: రోజుకో మాత్ర, లెవోథైరాక్సిన్, కిలోకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు. మాత్రను పొడిచేసి, ఉగ్గుగిన్నెలో ఒకటి రెండు చెంచాల తల్లిపాలతో కలిపి అప్పటికప్పుడే పట్టాలి. సీసా నిండా పాలలో కలిపితే పాప సగం వదిలేస్తే సగం మందూ పోతుంది. ఐరన్, కాల్షియం చుక్కలు ఇవ్వాల్సి వస్తే కనీసం నాలుగు గంటల ఎడం ఉంచాలి. ఒకవేళ మందు పడినా జన్మంతా వాడాలని ఇప్పుడే అనుకోనక్కర్లేదు. కొందరికి మూడేళ్ళు నిండాక డాక్టరు కొన్ని వారాలు ఆపి చూసి, అవసరం లేదని తేలుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఒక్కరోజు కూడా ఆపకూడదు.

సీ3 దగ్గర కాసేపు ఆగుదాం. మీ రక్తం అడిగింది దీనికోసమే.

మనం తినే మాంసకృత్తుల్లోని ఐసోల్యూసిన్, వేలిన్, మెథియోనిన్, థ్రియోనిన్ అనే ఎమైనో ఆమ్లాలు, కొన్ని రకాల కొవ్వులు శరీరంలో విడిపోయేటప్పుడు ప్రొపియోనిల్ అనే ముక్క మిగులుతుంది. దాన్ని శక్తిగా మార్చే దారిలో రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు దగ్గరి ఎంజైముకు బయోటిన్ అనే విటమిను కావాలి, రెండో మెట్టు దగ్గరి ఎంజైముకు బీ12 విటమిను కావాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా ఆ ముక్క పేరుకుపోయి, కార్నిటిన్‌ను పట్టుకుని రక్తంలో తేలుతుంది. యంత్రం కొలిచిన సీ3 అదే. మొదటి మెట్టు ఎంజైము పుట్టుకతో లేకపోతే ప్రొపియోనిక్ అసిడీమియా, రెండోది లేకపోతే మిథైల్‌మెలోనిక్ అసిడీమియా. రెండూ తీవ్రమైన జబ్బులే. మూడో కారణం ఒకటుంది, అది మన ఇళ్ళల్లో చాలా మామూలు: ఎంజైములన్నీ చక్కగా ఉండి, బీ12 లేకపోవడం. పాపకు బీ12 వచ్చింది కడుపులో మీ నుంచి, ఇప్పుడు వస్తున్నది మీ పాల నుంచి. మీలో తక్కువుంటే పాపలోనూ తక్కువే. అందుకే మీ రక్తం.

గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో ఐరన్, ఫోలిక్ ఆమ్లమే ఉంటాయి, బీ12 ఉండదు. పైగా ఫోలిక్ ఆమ్లం వాడుతుంటే బీ12 లోపం వల్ల రావాల్సిన రక్తహీనత కొంత కప్పబడిపోతుంది, హిమోగ్లోబిన్ బాగానే ఉంది కదా అని ఎవరూ అనుమానించరు. కాయగూరల్లో, పప్పుల్లో, ఆకుకూరల్లో బీ12 లేదు. మాంసం, చేప, గుడ్డు తినని ఇంట్లో అది దొరికేది పాలు, పెరుగు, పనీర్‌లలోనే. గ్లాసు పాలలో సుమారు 1 మైక్రోగ్రాము ఉంటుంది, బాలింతకు రోజుకు కావలసింది దాదాపు 3. కాఫీలో పోసే పాలు, నీళ్ళమజ్జిగ ఆ లెక్కకు చాలవు. గర్భంతో ఉన్నప్పుడు షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడి ఉన్నా, గ్యాస్ మాత్రలు నెలల తరబడి వాడి ఉన్నా బీ12 ఇంకా తగ్గుతుంది. ఆ మందుల చీటీలు వెంట తీసుకెళ్ళండి.

మీ పాప సీ3 హద్దును కొంచెమే దాటింది, పాప తొమ్మిది రోజులుగా బాగుంది, మీరు శాకాహారులు. ఈ మూడూ కలిపి చూస్తే బీ12 లోపమే మొదట అనుమానించాల్సింది. అయినా కార్డు మీది అంకెతో అది తేలదు. ప్రొపియోనిక్, మిథైల్‌మెలోనిక్ జబ్బుల తీవ్ర రూపాల్లో సీ3 సాధారణంగా బాగా పెరుగుతుంది, కానీ శరీరం లోపల బీ12ను వాడుకోవడంలోనే పుట్టుకతో లోపమున్న కొన్ని జబ్బుల్లో ఇలాగే కొద్దిగా పెరిగి ఊరుకుంటుంది. తేల్చేవి మూత్రంలోని సేంద్రియ ఆమ్లాల పరీక్ష, రక్తంలో హోమోసిస్టిన్ అనే ఎమైనో ఆమ్లం, మీదీ పాపదీ బీ12. మూత్రంలో మిథైల్‌సిట్రేట్, 3-హైడ్రాక్సీ ప్రొపియోనేట్ కనబడి మిథైల్‌మెలోనిక్ ఆమ్లం లేకపోతే మొదటి మెట్టు జబ్బు. మిథైల్‌మెలోనిక్ ఆమ్లం ఉండి హోమోసిస్టిన్ మామూలుగా ఉంటే రెండో మెట్టు జబ్బు వైపు చూస్తారు. రెండూ పెరిగి, మీ బీ12 కూడా తక్కువుంటే లోపం ఆహారానిదే కావడానికి ఎక్కువ అవకాశం. అప్పుడు పాపకు బీ12 సూదిమందు ఇచ్చి కొన్ని వారాల్లో మళ్ళీ చూస్తారు. అంకెలు దిగి, మళ్ళీ పెరగకుండా ఉంటే మీరు గండం గట్టెక్కినట్టే.

ఇక్కడ మామూలుగా జరిగే తప్పు ఒకటి చెప్పాలి. రిపోర్టు చూడగానే ఎవరో ఒకరు బాలింతకు బీ కాంప్లెక్సు సూది వేయిస్తారు, లేదా మందుల షాపు నుంచి బీ12 మాత్రలు తెచ్చిస్తారు. పరీక్షకు ముందు అది పడితే మీ రక్తంలో బీ12 బాగానే ఉన్నట్టు కనబడుతుంది, కారణం దాగిపోతుంది, పాపను ఇంకా పెద్ద పరీక్షల చుట్టూ తిప్పాల్సి వస్తుంది. శాంపిళ్ళు ముందు, మందు తర్వాత. అయితే పాప ఒంట్లో బాగోకపోతే ఈ మాట వర్తించదు. అప్పుడు ఏది ఎప్పుడివ్వాలో డాక్టరు చూసుకుంటారు.

బీ12 లోపమే అని తేలినా దాన్ని తేలిగ్గా తీసుకోకండి. తల్లిపాల మీదే పెరిగే బిడ్డకు అది సరిచేయకపోతే నాలుగైదు నెలలకు నవ్వడం తగ్గి, మెడ నిలబడటం వెనకపట్టి, చేతులు వణికి, వేళ్ళ కణుపుల దగ్గర చర్మం నల్లబడుతుంది. స్క్రీనింగు జరగని ఇళ్ళల్లో ఇది బయటపడేది అప్పుడే. మీకు తొమ్మిదో రోజునే తెలిసే అవకాశం వచ్చింది.

రేపటి పనికి వద్దాం. పాప నుంచి తీసే రక్తం అన్నీ కలిపి 3, 4 మిల్లీలీటర్లు. 2.7 కిలోల పాప ఒంట్లో సుమారు 220 మిల్లీలీటర్లుంటుంది, అందులో ఇది రెండు శాతం లోపే. రక్తమంతా లాగేస్తున్నారని ఇంట్లో ఎవరైనా బాధపడితే ఈ లెక్క చెప్పండి. మాంసకృత్తులు విరిగినప్పుడు పుట్టే విషపదార్థం అమోనియా, దాన్ని కూడా చూస్తారు. ఆ శాంపిల్ విషయంలో కొంచెం గట్టిగా అడగాల్సిందే: రక్తం ధారగా రావాలి, ట్యూబును వెంటనే మంచులో పెట్టాలి, పావుగంట నుంచి అరగంటలోపు ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరుచేయాలి. బల్ల మీద గంటసేపు ఉన్న ట్యూబులో అమోనియా దానంతటదే పెరుగుతుంది, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. అందువల్ల అమోనియా అక్కడే చేసే ఆసుపత్రిలో తీయించండి, కలెక్షన్ సెంటర్‌లో ఇచ్చి రాకండి. హోమోసిస్టిన్ ట్యూబుకూ మంచు కావాలి. మూత్రం 5 నుంచి 10 మిల్లీలీటర్లు, అతికించే సంచితో పడతారు, వెంటనే ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించి పంపాలి. డైపర్ నుంచి పిండిన మూత్రం పనికిరాదు. ముందు రోజు పాపకు ఆ చోట పౌడరు, నూనె రాయకండి, సంచి అతుక్కోదు.

మడమ నుంచి మళ్ళీ కార్డు మీద తీస్తే మీరూ గమనించవచ్చు. మడమను గోరువెచ్చని తడిగుడ్డతో మూడు నుంచి ఐదు నిమిషాలు కాపితే రక్తం సులువుగా దిగుతుంది. గుడ్డ మీ మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకుని, చురుక్కుమనకపోతేనే పాపకు పెట్టనివ్వండి. గుచ్చాల్సింది మడమ అడుగున పక్క అంచులో, వెనక గుండ్రటి భాగంలో కాదు, నడిమధ్యలోనూ కాదు. అక్కడ ఎముక పైకే ఉంటుంది. మొదటి బొట్టును తుడిచేసి, తర్వాతి పెద్ద బొట్టును కాగితానికి ఒకవైపు నుంచే ఆనించి, వెనకవైపు దాకా ఇంకనివ్వాలి. గుచ్చేటప్పుడు పాపను ఒడిలో పెట్టుకుని పాలు పట్టండి. నొప్పి తగ్గించే మందు అంతకన్నా మంచిది లేదు. కార్డును బల్లపరుపుగా, నీడలో, మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి. వీలైతే శుక్రవారం సాయంత్రం తీయించకండి, ఆదివారం కొరియరు కదలదు.

ఫలితాలు వచ్చేదాకా ఇంట్లో మీరు చూడాల్సింది ఒకటే: పాప తీరు మారుతోందా అని. వరసగా రెండుసార్లు పాలు వద్దనడం, పదేపదే వాంతి, లేపినా కళ్ళు తెరవని మగత, ఒళ్ళు మెత్తగా వేలాడటం, ఒళ్ళు చల్లబడటం, ఆయాసంగా డొక్కలెగరేయడం, నిమిషానికి 60 దాటిన ఊపిరి, మూర్ఛ. వీటిలో ఏ ఒక్కటి కనబడినా, అర్ధరాత్రయినా, నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ మొదటి మాటగా ఇలా చెప్పండి: "స్క్రీనింగులో సీ3 ఎక్కువ వచ్చింది. షుగరు, బ్లడ్ గ్యాస్, అమోనియా, మూత్రంలో కీటోన్లు ఇప్పుడే చూడండి." ఈ జబ్బుల తొలి దాడి అచ్చం రక్తంలో ఇన్ఫెక్షన్‌లా ఉంటుంది. యాంటీబయోటిక్ ఇస్తూ రెండ్రోజులు చూస్తే ఆ రెండ్రోజుల్లోనే నష్టం జరిగిపోతుంది. యాంటీబయోటిక్ ఇవ్వొద్దని కాదు, దాంతోపాటు ఇది కూడా చూడాలని. పసిపిల్లలో అమోనియా లీటరుకు 100 మైక్రోమోల్ లోపు మామూలు. సరిగ్గా తీసిన శాంపిల్‌లో 200 దాటితే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. రిపోర్టు ప్రింటు తీయించి పాప బట్టల సంచిలో పెట్టుకోండి. ఫోన్ చార్జింగు ఆ సమయానికే అయిపోతుంది.

డబ్బాపాలకు మారొద్దు. తల్లిపాలలో మాంసకృత్తులు 100 మిల్లీలీటర్లకు సుమారు 1 గ్రాము, డబ్బాపాలలో అంతకన్నా ఎక్కువ, ఆవుపాలలో మూడు రెట్లు. సీ3 అనుమానం ఉన్న పాపకు తక్కువ మాంసకృత్తులున్న పాలే మేలు, అంటే మీ పాలే. పాలలోని చక్కెర ఒంటికి పడని గాలక్టోసీమియా అనే జబ్బు అనుమానం వస్తే తల్లిపాలు ఆపాల్సి వస్తుంది, మీ రిపోర్టులో అది నార్మల్ జాబితాలో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. రెండు మూడు గంటలకోసారి పట్టండి, రాత్రి కూడా. నిద్రపోతోంది కదా అని ఐదారు గంటలు వదలకండి, ఈ వారం ఉపవాసమే పాపకు శత్రువు. తేనె నాకించడం, గ్రైప్ వాటర్ పట్టడం వద్దు.

మేనరికం గురించి. నిజాన్ని దాచడం వల్ల మీకు మేలు జరగదు కాబట్టి సూటిగా చెబుతాం. మేనత్త, మేనమామ పిల్లల మధ్య జన్యువుల్లో దాదాపు ఎనిమిదో వంతు ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవి. దోషమున్న జన్యువు ఒకటి ఇద్దరిలోనూ ఉంటే, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. కాబట్టి మేనరికమైన ఇంట్లో సీ3ని 'కొంచెమే కదా' అని వదిలేయకూడదు. మరోవైపు చూడండి: బీ12 లోపానికీ మేనరికానికీ సంబంధమే లేదు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపంలో ఎక్కువ భాగం గ్రంథి సరిగా తయారుకాకపోవడం వల్ల వచ్చేదే, అది చాలావరకు వంశాన్ని బట్టి రాదు. ఇవాళ ఉన్న వివరాలతో ఏదీ మేనరికం వల్లే అని ఎవరూ అనలేరు. అన్నా అది మీ తప్పు కాదు, మీ అత్తయ్య తప్పూ కాదు. నిద్రలేని బాలింతను ఆ మాటలతో పొడవొద్దని మీ వారు చుట్టాలకు గట్టిగా చెప్పాలి.

ఒకవేళ వంశపారంపర్య జబ్బే అని తేలితే పాపకూ మీ ఇద్దరికీ జన్యు పరీక్ష చేయించి ఆ మార్పేమిటో కాగితం మీద ఉంచుకోండి. వచ్చే గర్భంలో 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి ముందే చూడటానికి అదే ఆధారం. అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద ప్రొపియోనిక్, మిథైల్‌మెలోనిక్ అసిడీమియాలు కూడా ఉన్నాయి. గుర్తించిన కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల దాకా చికిత్స సాయం దొరుకుతుంది. తెలుగువాళ్ళకు దగ్గరలో ఉన్న అలాంటి కేంద్రం హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రితో కలిసి పనిచేసే సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థ. రేపటి పరీక్షలు పూర్తికాకముందే అక్కడికి పరుగెత్తాల్సిన పని మాత్రం లేదు.

చివరగా జీ6పీడీ. దాని మీద దిగులు వద్దు. అది ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమును కొలిచే పరీక్ష, ఎంజైము వేడికీ ఉక్కకూ చెడిపోతుంది. మే ఎండలో కొరియరు బండిలో ఒకటి రెండు రోజులు తిరిగిన కార్డులో ఎంజైము తక్కువగా కనబడటం వింత కాదు. అందుకే ల్యాబ్‌వాళ్ళు ఊహించి చెప్పకుండా మళ్ళీ అడిగారు, అది మంచి ల్యాబ్ చేసే పని. ఈసారి నరంలోంచి తీసిన రక్తంతో దగ్గర్లోనే చేయిస్తే ఒక్కరోజులో తేలుతుంది. అది తేలేదాకా ఒక్క జాగ్రత్త. ఈ లోపమున్న పిల్లలకు కలరా ఉండల వాసన తగిలినా ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదరవచ్చు. బారసాలకని బీరువాలోంచి తీసే పాత ఉయ్యాల గుడ్డలు, పట్టుచీరలు, పొత్తిళ్ళు ఆ ఉండల మధ్య ఉన్నవైతే పాప దగ్గరికి తేకండి. ఉతికి ఎండేసినా వాసన ఉంటే పక్కన పెట్టేయండి. ఆ ఉండల్ని బీరువాలోంచే తీసేయండి. పాపకు ఏ మందు రాసినా జీ6పీడీ ఫలితం ఇంకా రాలేదని డాక్టరుకు ముందే చెప్పండి.